జీడిగుర్తు

రిగ్గు వచ్చిన ఏడాది
మలికిపురం అవతల, కొబ్బరితోటల నెత్తిమీద
ఇనప నిచ్చెన లేచింది.
ఆ దీపాలకి మాకు చీకటే లేకుండా పోయింది,
రాత్రి పదింటికి కాకులు లేచి అరిచేవి.
నాకు మాత్రం పని దొరికింది.
వారానికి తొంభై కవరాల్స్,
ఒక్కోదానికి పద్దెనిమిది రూపాయలు,
చిరిగితే కోత.

మొహాలతో నేనెవర్నీ ఎరగనండి.
మోకాళ్ళమీద గ్రీజుంటే పైపులు కలిపేవాడు,
మెడదాకా బూడిదరంగు మడ్డి ఎండిపోయుంటే
ట్యాంకులో దిగేవాడు.
జేబులో పప్పు మరకుంటే
కూర్చుని తిననివ్వనివాడు.

ముందు కిరసనాయిలు, తర్వాత చౌడు, ఆపైన ఉబ్బ.
మా అత్త నేర్పిన వరస.
ఉతుకు ఉతుక్కీ కాలరు లోపల
జీడిగింజ గుచ్చి ఒక చుక్క.
చిరిగిందని డబ్బులు కోసినప్పుడు
తిప్పి చూపించేదాన్ని:
ఇదిగో బాబూ, ముప్పైసార్లు ఉతికిన గుడ్డ,
చిరక్క ఏం చేస్తుంది?

సోమవారం మూటలో ఒకటొచ్చింది,
రొమ్ము నుంచి చీలమండ దాకా
కత్తెరతో కోసింది.
మరక గ్రీజు కాదు.
కాలరు విప్పితే నలభై ఒక్క చుక్కలు.
మట్టా సువర్ణరాజుది.
శివకోడు కుర్రాడు, కిందుండి గొలుసు లాగేవాడు.
ఆ రాత్రి వానలో పైవాడు రాలేదని
మేస్త్రీ ఎక్కమన్నాడు.
తొంభై అడుగులు.
రాజోలు ఆసుపత్రి వాళ్ళు కోసిన గుడ్డ
ఎవరు వేశారో, పొరపాటున నా మూటలో పడింది.

ఆ సాయంత్రమే ఫణీంద్రగారు బండి మీద వచ్చారు.
సూపర్‌వైజరు. ఎప్పుడూ దిగని మనిషి దిగారు.
కవరులోంచి నడుంబెల్టు తీశారు,
భుజాలకి పట్టీలు, తొడలకి పట్టీలు, వెనక ఇనప కొక్కెం.
ధర చీటీ ఇంకా వేలాడుతోంది.
"కొంచెం పాతది చెయ్యాలమ్మా.
ఏడాది వాడినట్టు. ఎల్లుండి ఇన్‌స్పెక్షను."

మరకలు తీసి బతికిన చేతులండి ఇవి.
మరక పెట్టమని ఎవరూ అడగలేదు ఇన్నాళ్ళూ.
మా చిన్నాడి గేటుపాసు
ఆయన జేబులోనే ఉంది. ఆ మాట ఆయన అనలేదు.
జేబు సవరించుకున్నారంతే.

చేశాను.
రాతిమీద ఈడ్చాను, మడ్డిలో నానేశాను,
దీపం మసి పట్టించాను, ఎండేశాను.
అన్నీ వచ్చాయి, చెమట రాలేదు.
వాసన చూస్తే ఇంకా కొట్టు వాసనే.
చివరికి నేనే తగిలించుకుని
బోరింగు కొట్టాను, పదిహేను బిందెలు.

ఎంత గట్టిగా పట్టుకుందో!
బురదలో కాలు జారి వెనక్కి పడబోతే
పక్కనున్న కమ్మీకి కొక్కెం తగులుకుని
నన్ను గాల్లోనే ఆపింది.
అరవై ఏళ్ళ ఒళ్ళు, అరవై కేజీలు,
ఆపింది.
అలాగే వేలాడుతూ కాసేపుండిపోయాను.
పిల్లాడు పరిగెత్తుకొచ్చి విప్పేదాకా
ఏడుపు రాలేదు.

నైలానుకి జీడి పట్టదంటారు.
వేడిచేసి రెండుసార్లు గుచ్చాను,
తొడపట్టీ మడతలో, బకిలు కింద.
ఒక్క చుక్క.

ఇన్‌స్పెక్టరుగారు
కుర్చీలోంచే చూసి రాసుకున్నారట:
బెల్టు ఇచ్చారు, కూలీ తగిలించుకోలేదు.
కొబ్బరినీళ్ళు తాగి వెళ్ళారట.

బెల్టు ఆఫీసు గోడకి మేకున వేలాడుతోంది.
ఎవరైనా ఎప్పుడైనా తిరగేస్తే కనపడుద్ది.
కోసిన కవరాల్ నా ట్రంకుపెట్టెలో ఉంది,
ఉతకలేదు.
ఈ వారం లెక్కలో ఒకటి తగ్గిందని
ఆరువందలు కోశారు.
కోసుకోనీండి.