నాలుగొందల పదిహేడు

నరసాపురంలో జిరాక్సు షాపు మీద గది.
కిటికీ తీస్తే చేపల వాసన, మూస్తే ఉక్క.
కొప్పినీడి వారి లేసు కంపెనీకి
ఈ వారమంతా అడ్రసులు దిద్దుతున్నాను.

ఉన్న అడ్రసు ఇదీ:
డిజైన్ డాట్ పీహెచ్‌పీ, ప్రశ్న గుర్తు,
ఐడీ సమానం నాలుగొందల పదిహేడు,
ఆ పైన కుట్టు తప్పిన దారంలా మెలిపడ్డ ఓ గుర్తు,
రకం సమానం తొమ్మిది.
సూరత్ బేరగాడికి ఫోన్లో చదివి వినిపిస్తూ
గుమాస్తా వీర్రాఘవులు గారు చెమట తుడుచుకుంటారు:
"ప్రశ్న గుర్తండి. ఆయ్, ప్రశ్నే.
మిమ్మల్ని అడగట్లేదండి,
అడ్రసులోనే ఉందండి ప్రశ్న."

శాంపిళ్ళు తెచ్చిన సువార్తమ్మ
కళ్ళజోడు నుదుటి మీదకి తోసి
తెర మీది బొమ్మని వేలితో తడిమింది.
"జామాకు కదమ్మా ఇది.
ఇదిగో ఈనె, ఇదిగో పురుగు కొట్టిన చిల్లు.
ఆ చిల్లు నేనే పెట్టాను. ముందు లేదు."

అప్పుడు రాశాను రూలు.
ఎవరొచ్చి జామాకు అన్నా
లోపల నాలుగొందల పదిహేడు తలుపు తియ్యి,
బయట మాత్రం జామాకే కనబడనీ.
కాలువలో పైన నీళ్ళు కదలనట్టే ఉంటాయి,
కింద తూములోంచి ఎవరి చేనో తడుస్తుంది.

పాత అడ్రసు పట్టుకొచ్చేవాళ్ళకి
ఇల్లు మారింది, శాశ్వతంగా, అని ఇంకో లైను.
అంతే, పాతది కొత్తదానికి పంపింది,
కొత్తది లోపల పాతదాన్నే తెరిచింది,
అది మళ్ళీ కొత్తదానికి.
తిరిగి తిరిగి బ్రౌజర్ చేతులెత్తేసింది.
"ఒక్క ముడి తప్పితే మూరెడు విప్పాలి,
మాకూ అంతే," అంది సువార్తమ్మ.
అర్ధరాత్రికి దొరికింది షరతు:
బయటినుంచి వచ్చినవాళ్ళనే మళ్ళించు,
లోపలి మనిషిని ఆపకు.

పేర్లు ముందు తెలుగులోనే పెట్టాను.
కాపీ చేసి వాట్సాప్‌లో పంపితే
శాతం ఈ సున్నా, శాతం బీ సున్నా...
మూడక్షరాల మాటకి పద్దెనిమిది శాతాలు.
"ఏజెంటు కమిషనా?" అంది,
నవ్వకుండా.
ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చాను.
దీర్ఘాలు రెండూ పోయాయి.

బిల్లులో రెండొందల పన్నెండు అడ్రసులని రాశాను.
రాయనిది ఒకటుంది.
ఎవరూ అడగలేదు. కరెంటు వచ్చాక కలిపాను:
సువార్తమ్మ అని కొట్టినా
ఆ ఆకే తెరుచుకుంటుంది, చిల్లుతో సహా.
చీటీ మీద రాసి శాంపిళ్ళ సంచిలో వేశాను.

నిన్న లాగు చూశాను.
తెల్లవారుజామున ఐదూ నలభైకి ఒకసారి.
మళ్ళీ ఐదూ నలభై రెండుకి.