ఆఖరి కడుగు

ఎటెల్కా గారి గది తాళం నా దగ్గరే ఉంది.
శుక్రవారంలోగా ఖాళీ చెయ్యమన్నారు.
ముప్పై ఒక్క ఏళ్ళు ఆ గదిలో సీసాలు కడిగినవాణ్ణి,
కడగడం కన్నా సర్దడమే కష్టంగా ఉంది.

పేచ్ ఊళ్ళో కబేళా తెల్లవారుజామున నాలుగింటికి తెరిచేవారు.
మంచు కూరిన బకెట్టు పట్టుకుని
దూడ గొంతు దగ్గరి గ్రంథి కోసం నిలబడేవాణ్ణి,
మాంసం కొనే ఆడవాళ్ళ వెనకాల.
"ఏం వండుతారయ్యా దాన్ని?" అనేవాళ్ళు.
"వండరు, చదువుతారు" అనేవాణ్ణి.

దాన్ని రుబ్బి, ఉప్పునీళ్ళలో కరిగించి,
పైన చల్లని ఆల్కహాలు మెల్లగా ఒలికించి
గాజుకడ్డీ తిప్పేవారావిడ.
రెండు నీళ్ళ పొలిమేరలోంచి
తెల్లటి పోగు లేచి కడ్డీకి చుట్టుకునేది.
పత్తి లేదు, రాట్నం లేదు.
మొదటిసారి చూసినప్పుడు నేను టోపీ తీశాను.
ఆవిడ నవ్వలేదు.
"ఆరిపోకముందే బీకరు ఇటివ్వు" అన్నారు.

బతుకంతా ఆవిడ అడిగింది ఒకటే:
పెనవేసుకున్న ఈ రెండు పోగులు
ఏ వేడి దగ్గర విడిపోతాయి?
డిగ్రీకొక చుక్క, గ్రాఫు కాగితం మీద, పెన్సిలుతో.
కంటికి కనపడని వెలుగు పంపితే
కలిసున్నప్పుడు కొంచెమే తాగుతాయట,
విడిపోయాక ఎక్కువ తాగుతాయట.
ఆ మాట విని ఓ కుర్ర విద్యార్థి,
భార్య వదిలిపెట్టి నెల కాలేదు వాడికి,
కిటికీ వైపు తిరిగిపోయాడు.
"ఉపమానం కాదు బాబూ,
నూటికి ముప్పై ఏడు వంతులు. రాసుకో."

అరవై నాలుగు వేసవిలో
నీళ్ళను ఆవిరి పట్టే యంత్రం చెడిపోయింది.
బాగుచేసేవాడు బుడాపెస్ట్ నుంచి రావాలి, రాలేదు.
ఎవరికీ చెప్పకుండా
సీసాల ఆఖరి కడుగు కుళాయి కింద కానిచ్చేశాను.
ఆ నెల గీత తొమ్మిది డిగ్రీలు పైకి జరిగింది.
ఆవిడ వ్యాసం రాశారు.
ప్రాగ్ సభలో చప్పట్లు కొట్టారట.

ఫిబ్రవరిలో లైడెన్ నుంచి ఉత్తరం, రెండే వాక్యాలు:
"మళ్ళీ చేశాం. మాకు రావడం లేదు."

ఏడు రాత్రులు మళ్ళీ చేశారావిడ. ఆవిడకీ రాలేదు.
ఎనిమిదో రోజు పొద్దున్న
ఖాళీ సీసా ఒకటి కిటికీ వెలుగులో పట్టుకుని
"బెర్తలాన్, జులైలో ఏ నీళ్ళు?" అన్నారు.
నా నాలుక పిడచగట్టింది.
ఊరి వెనక మెచెక్ కొండంతా సున్నపురాయి,
ఆ కొండ కడుపులోంచే మా కుళాయి.

పత్రికకు సవరణ పంపారు.
పొరపాటు నాది అని రాశారు.
అందులో నా పేరు లేదు. నీళ్ళ పేరుంది.

తరవాత మెగ్నీషియం డబ్బాలు తెప్పించారు.
పందొమ్మిదేళ్ళు అదే పని.
"నువ్వు పోసిందేమిటో తెలుసుకోవద్దూ మనం?
రెండు పోగులకీ ఒకటే ఆవేశం,
ఒకదాన్నొకటి తోసుకోవాలి.
ఒక ఒరలో రెండు కత్తులు ఇమిడాయంటే
ఆ ఒర ఏమిటో కనుక్కోవాలిగా!"
కనుక్కున్నారు, చాలావరకు.
ఎవరి పుస్తకంలోనో ఏదో పట్టికలో
ఇప్పుడదొక అంకె, దశాంశ బిందువుతో సహా.
కింద పేరు వెయ్యలేదు.

నిన్న సాయంత్రం ఆవిడ ఫ్లాటుకి వెళ్ళాను,
అంచు పెట్లిన క్వార్ట్జ్ గిన్నె ఒకటి రుమాల్లో చుట్టుకుని.
తీసుకున్నారు, వెలుగులో చూశారు,
చెమ్చాల పక్కన పెట్టేశారు.
టీకి కెటిల్ ఎత్తబోయి, మూత తీసి,
లోపల పేరుకున్న తెల్లటి పొరను
గోటితో గీకి నాకు చూపించారు.
"మన మూడో రచయిత" అన్నారు.
అన్నేళ్ళలో ఆవిడ పగలబడి నవ్వడం
అదే చూశాను.

టీ కాస్త సున్నం వాసన వేసింది.
రెండో కప్పు కూడా అడిగి పోయించుకున్నాను.