మట్టిగుండు

ఫైలకా దీవికి పడవ పొద్దుగాల ఏడింటికి.
సాల్మియా ఒడ్డున చలి, చేతుల టిఫిన్ డబ్బా,
మెడల కంపెనీ కార్డు.
కార్డు మీద రాజు.
నాయిన పెట్టింది ఆడెపు రాజలింగం.
ఈజిప్టు మేస్త్రికి అందరం రఫీక్‌లమే.
దినార్ల లెక్క రాసేటాయన పుస్తకంల నేను పద్నాలుగు.
ఇన్ని రూపాలెత్తిన గానీ
ఏ దేవుడూ నన్ను ముట్టుకోలేదు.

యుద్ధంల ఖాళీ అయిన ఊరు ఇది.
బడిగోడకు తూటాల చిల్లులు,
బ్యాంకు అరుగు మీద ఒంటె.
అవతల మేం తవ్వేది గ్రీకు సిపాయిలు కట్టిన కోట.
గడ్డపార కాదు, తాపీ. చీపురు కాదు, కుంచె.
మన్నును లేపొద్దు, నిమురాలె అంటది డెస్పినా మేడం.
తలకు ఎర్రగుడ్డ, నోట్ల పెన్సిలు,
హిందీ మా మస్తానయ్య నేర్పినంత.

చాయ్ పూట కథలు చెప్తది.
వాళ్ల కథలల్ల మనుషులు
మనుషులుగ ఎక్కువసేపు ఉండరు.
తరుముతుంటె ఉరికిన పిల్ల చెట్టయింది,
ఆగిన కాడ్నే కాళ్లు వేర్లయినయి.
నీళ్లల్ల తననే చూసుకున్న పిలగాడు పువ్వయిండు.
బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లి రాయయింది,
ఆ రాయి ఇంకా కారుతనే ఉన్నదట.

నెల్లూరు మస్తానయ్య నవ్విండు:
"మా పాత కంపెనీలో ఎండాకాలం
మనిషి ఉప్పైపోతాడు మేడం. అదే దేవుడి పని?"
ఆమె నవ్వలే. రాసుకున్నది.

ఒకనాడు నేతపిల్ల కథ చెప్పింది.
దేవతతోని పందెం కట్టి నేసిందట,
దేవుళ్ల తప్పులన్నీ బట్ట మీద బొమ్మలు దించిందట.
వెతికితె ఒక్క పోగు తప్పు దొరకలే.
అందుకే చింపింది దేవత.
పిల్ల ఉరేసుకున్నది.
అప్పుడు జాలి పుట్టి
తాడును దారం చేసి
పిల్లను సాలెపురుగు చేసిందట.

నా చాయ్ చల్లారింది.

మాది సిరిసిల్ల.
తామరతూడు నుంచి దారం తీసి
మా మూలపురుషుడు దేవతలకు బట్ట నేసిండని చెప్పుకుంటం.
కాళహస్తిల సాలెపురుగుకు
శివుడు మోక్షమిచ్చిండని కూడ చెప్పుకుంటం.
మాకు భక్తి, వాళ్లకు శిక్ష.
సాంచాలు ఆగిన ఏడు
పక్కింటి మ్యాన కనకయ్య
నూలు బాకీ తీరక దూలానికి వేలాడిండు.
దించినోళ్లల్ల నేనొకన్ని.
తాడు తాడే ఉండె.
కనకయ్య కనకయ్యే ఉండె, కొంచెం బరువుగ.
ఏ దేవతా రాలే.
వచ్చింది ఒక్క ఏజెంటు,
పాస్‌పోర్టు ఫారాలు పట్టుకొని.

తెల్లారి నా జల్లెట్ల ఒక మట్టిగుండు మిగిలింది.
జామకాయంత, పైన బెజ్జం.
వలకు కట్టేది అన్నడు ఒకడు.
పిల్లల ఆటబొమ్మ అన్నడు ఇంకొకడు.
అరచేతిల పెట్టి తూచిన.
యాదికి తెచ్చుకున్నది చెయ్యి, నేను కాదు.
గుంటమగ్గం మీద పడుగు బిగువు సడలొద్దని
తాత రాయి కట్టేటోడు.
గిదే బరువు.

"మగ్గానిది మేడం" అన్న.
బెజ్జం అంచున దారం ఒరిసిన గీతను
గోటితోని చూపించిన.
భూతద్దం పెట్టి చాలసేపు చూసింది.
తర్వాత నా దిక్కు చూసింది.
"ఎవరు నువ్వు?"

ఏడేండ్లల్ల ఈ దేశంల
కార్డు అడిగినోళ్లే గానీ గిది అడిగినోళ్లు లేరు.

"సాలోన్ని" అన్న.
ఆమెకు అర్థం కాలే, విడమరిచి చెప్పిన.
మా భాషల నేసేటోడు సాలె,
గూడు అల్లేది సాలెపురుగు.
మీ దేవతకు పందెం కావాల్సి వచ్చింది,
మాకు పక్కన ఒక్క మాట పెడితె చాలు.
ఆమె పెన్సిలు నోట్లకెళ్లి తీసింది,
ఏం రాయలే.

గుండును సంచిల వేసి చీటీ అంటించిండ్రు.
నంబరు నాలుగు వందల పన్నెండు.
నా నంబరు కంటె పెద్దది.

మాపటికి సాల్మియాల పడవ ఆగంగ
పడవోడు తాడు విసిరిండు.
ఆలోచన లేకుంటనే గుంజకు ముడేసిన,
పోగు తెగినప్పుడు వేసే ముడి.

పొద్దుగాల వానికి విప్పరాలే.