గన్ను టక్కుమనేదాకా

షోరూములో కుర్రాడు ఇరవై ఎనిమిదన్నాడు.
ఎల్ఐసీ వాళ్లిచ్చిన నా డైరీలో
ఆ అంకె ఒక్కనాడూ పడలేదు.

నరసన్నపేట బంకులో
గన్ను టక్కుమనేదాకా పోయించి
మీటరు సున్నా చేసి రాసుకుంటాను.
పలాసకి ముగ్గురు, జీడిపప్పు డబ్బాలు, ఏసీ:
పందొమ్మిది పాయింట్ ఎనిమిది.
రోడ్డు ఖాళీ, వంద దాటించాను. తప్పు నాదే.
టెక్కలి వానలో టైర్లకి గాలి లేదు,
అది రాయలేదు.

మర్నాడు శ్రీకాకుళం ఏడురోడ్ల కాడ
ఆటోలూ ఆవులూ కాలేజీ బస్సులూ.
జానెడు జరగడం, ఆగడం.
ఇంజను నోరు మూసుకుంది.
బ్రేకు తొక్కినప్పుడల్లా
పచ్చగీత ఒకటి
బ్యాటరీలోకి పాకింది.
ఇరవై నాలుగు పాయింట్ ఒకటి!
ఇదేం బండి నాయనా,
ఆగితే మిగులంట, పరిగెడితే ఖర్చంట.

రాత్రి మా తవిటమ్మకి చూపించాను.
ఇడ్లీ బండి లెక్కలు నోటితో కట్టే మనిషి,
కళ్లజోడు సర్దుకుని
వేలు పెట్టి ఒక్కో తేదీ చదివింది.
ఇరవై నాలుగు దగ్గర ఆగింది.

"ఈ రోజు నువ్వు
మధ్యాన్నం అన్నానికి ఇంటికొచ్చీసినావు కదేటి!"

దానికి గడి గీయలేదు నేను.

రేపు కంచిలి ట్రిప్పు.
పొద్దున్నే గాలి చూపించాలి.