పది సెంటీమీటర్లు

హొక్కైడోలో ఏప్రిల్ అంటే ఇంకా మంచే.
గేటు దగ్గర చెక్క స్కేలుతో నేను.
సంచికి ఒక్క బొమ్మే వేలాడాలి,
అదీ పది సెంటీమీటర్లు దాటకూడదు.
ఎలుగుబంటి గంట లెక్కలోకి రాదు,
అది అలంకారం కాదు, ప్రాణభయం.

ఈ నియమం నేను రాయలేదు.
కమిటీలో చెయ్యి మాత్రం ఎత్తాను.
నిరుడు ఒకరి సంచికి ముప్పై బొమ్మలు,
పక్క పిల్ల సంచికి ఒక్కటీ లేదు.
ఆ పిల్ల దాన్ని బల్ల కిందికి
కాలితో నెట్టుకోవడం చూశాను.
అందుకే ఎత్తాను.

మిఫుయు ఆక్టోపస్ పన్నెండు.
ఉన్నితో తనే అల్లుకుంది,
ఎనిమిది కాళ్ళూ ఎనిమిది పొడవులు.
"కోసెయ్యమంటారా సార్?" అంది,
గంట మోగకుండా పిడికిట్లో పట్టుకుని.
నేనేమీ అనలేదు.
రిజిస్టర్లో పన్నెండు అని రాసుకున్నాను.

మర్నాడు కాళ్ళన్నీ జడలా పేని
నెత్తిమీద ముడేసి తెచ్చింది.
తొమ్మిదిన్నర.
కొప్పు పెట్టుకున్న ముసలమ్మలా ఉంది అది.
నవ్వాపుకోవడానికి దగ్గాను.

"ఇంకోసారి కొలవండి సార్,
ఈసారి ఆ బొటనవేలు తీసి."

స్కేలు మీద, ఏడుకీ తొమ్మిదికీ మధ్య,
పదిహేనేళ్ళప్పుడు కంపాస్ మొనతో
చెక్కుకున్న పేరొకటి ఉంది.
ముప్పై ఏళ్ళుగా నా వేలికి
అక్కడే పట్టుకోవడం అలవాటు.

వెనక వరస పెరుగుతోంది.
మంచులో కాళ్ళు మార్చుకుంటున్న గంటలు.
"వెళ్ళమ్మా, తొమ్మిదిన్నరే" అన్నాను,
వేలు తియ్యకుండా.