అరవై ఒకటో పేజీ

గేటుకి తాళం పడ్డ మొదటి వారం
సెలవులే అనుకున్నాం.
జెరాక్స్ మిషను గాజు తుడిచాను,
"పేజీ ఇరవై నైరాలు" అట్టకి కొత్త మేకు కొట్టాను.
లెక్చరర్ల సమ్మె అంటే పది రోజులు, మహా అయితే నెల,
అంది అబెని, బాణలి దించకుండానే.

మూడో నెలకి బాణలి దిగింది.

రోజుకి నాలుగొందల అకరాలు వేసిన చెయ్యి
నలభై వేసి, అందులో పది తన పిల్లలకే పెట్టింది.
బొబ్బర్ల బస్తా దింపుకునేవాళ్ళు లేక
ఉత్తరాది లారీ మా దగ్గర ఆగడం మానేసింది.
లారీ ఆగకపోతే పంక్చర్లేసే లసిసికి పనేముంది?
నా కొట్టు ముందు బల్లమీద కూచుని
రోడ్డుకేసి చూసేవాడు,
రోడ్డు కూడా అతనికేసి చూసేది.

నా అరువు పుస్తకంలో నూట పదకొండు పేర్లు,
ఏ ఊళ్ళో ఉన్నారో, తిరిగొస్తారో రారో.
కొన్నాళ్ళు హాజరు పట్టీలా పైకి చదివేవాణ్ణి,
ఎవరూ పలక్కపోయేసరికి మానేశాను.

అద్దె గదుల మేడ కట్టిన చీఫ్ మాత్రం
ముప్పై రెండు తాళంచెవులు నడుముకి కట్టుకుని తిరిగేవాడు;
ఆయన వస్తున్నాడని ఆ చప్పుడే చెప్పేది.
ఆరో నెలలో చప్పుడూ పోయింది.
బ్యాంకువాళ్ళు మేడకి నోటీసు అంటించారు.
దాని నకళ్ళు నా దగ్గరే తీయించారు,
ఆ వారమంతా నాకు అదొక్కటే బేరం.

ఇదంతా నాకు ముందే తెలియాలి నిజానికి.
ఎకనామిక్స్ డాక్టర్ ఫగ్బామిలా రాసిన పుస్తకంలో ఉంది,
నాలుగో అధ్యాయం, అరవై ఒకటో పేజీ.
ఒక ఊరి బొమ్మ, చుట్టూ బాణాలు:
విద్యార్థి జేబులోంచి పొయ్యికి, పొయ్యిలోంచి సంతకి,
సంతలోంచి దర్జీకి, దర్జీ నుంచి బడి ఫీజుకి.
ఒక నైరా నాలుగు గడపలు తొక్కి
నాలుగు నైరాల పని చేస్తుందట.

బడికెళ్ళి నేర్చింది కాదు నేను.
ఆ పుస్తకం జెరాక్స్ తీయిస్తే పరీక్ష తప్పిస్తానని
ఆయన క్లాసులో హెచ్చరించిన మర్నాటి నుంచే
రాత్రిళ్ళు షట్టర్ సగం దించి
ఏడేళ్ళలో మూడు వేల కాపీలు తీశాను.
పేజీ పేజీకి పరుగెత్తే ఆ పచ్చటి వెలుగులో,
తలకిందులుగా,
ఎంత అందితే అంత చదివాను.

ఏడో నెలలో ఒక రాత్రి ఆయనే వచ్చాడు.
కారు లేదు. చొక్కాకి ఇస్త్రీ ఉంది.
బయటి దేశాల ఉద్యోగాలకి దరఖాస్తులు, పన్నెండు సెట్లు.
"డబ్బులు జీతం పడ్డాక, సిజువాదె" అన్నాడు.
నా పేరు ఆయనకి తెలుసని నాకప్పుడే తెలిసింది.

జనరేటర్లో పెట్రోలు అడుగంటి ఉంది.
లసిసి తన మోటారుసైకిలు టాంకులోంచి
ఒక సీసా దించి పోశాడు, అదీ అరువే.
మిషను వేడెక్కే లోపు
ఆయన కళ్ళు నా అలమర మీద పడ్డాయి.
అక్కడే ఉంది, కుట్లు విప్పిన పుస్తకం, నా మూలప్రతి,
మూలలు నలిగి, టోనరు మసి పట్టి.
నా నోట్లో తడి ఆరిపోయింది.

తీశాడు. తిరగేశాడు. అరవై ఒకటి దగ్గర ఆగాడు.
జేబులోంచి పెన్ను తీసి
ఊరి బొమ్మలోంచి బయటికి పోయే బాణం ఒకటి గీశాడు.
"ఇది మర్చిపోయాను" అన్నాడు,
పుస్తకం ఎక్కడ తీశాడో అక్కడే పెట్టాడు.

పన్నెండు సెట్లకి నేను లెక్క కట్టలేదు.
ఆయనా అడగలేదు.
మెట్ల దగ్గర అబెని ఒక పొట్లం చేతిలో పెట్టింది,
అందులో ఎన్నున్నాయో నేను చూళ్ళేదు.

తొమ్మిదో నెలలో గేటు తెరిచారు.
బాణలి ఎక్కింది; ధర పెరిగింది, అకరా చిక్కింది.
చీఫ్ మేడమీద వేరే ఎవరిదో పేరు.
ఎకనామిక్స్‌కి కొత్తాయన వచ్చాడు,
పుస్తకం మాత్రం పాతదేనట.
ఒకమ్మాయి కాపీ అందుకుని వేడి ఆరకముందే తిరగేసింది:
"ఈ చేత్తో గీసిన బాణం పరీక్షలో వస్తుందా?"

లసిసి బల్లమీంచి నవ్వాడు.
వెనక వరస పెరుగుతోంది.
నేను మూత ఎత్తి
తర్వాతి పేజీ బోర్లించాను.