వెన్న శాతం

తెల్లారి నాలుగున్నరకే
పాలకేంద్రం షట్టరెత్తి కూర్చుంటా.
గొర్లపల్లె ఆవులూ ఎనుములూ
క్యాన్లయి, చెంబులయి, మూత పోయిన డబ్బాలయి
వరసన నిలబడతాయి.
ఒక్కో బొట్టూ మిషన్లో పోసి
వెన్న శాతం చదివి చెప్పడం నా కొలువు.
నాదముని ఆవుకి మూడు పాయింట్ తొమ్మిది.
చిలకమ్మత్త ఎనుముకి ఆరున్నర.
తక్కువొస్తే నాకల్లే గుర్రుగా చూస్తారు,
నేనేదో జుర్రేసినట్టు.

ఇంట్లో నా కూతురు గంగాభవాని
ఒళ్లంతా వెతికినా
చిటికెడు వెన్న లేదు.

పుట్టుకతోనే లేదన్నారు రాయవేలూరులో.
చెనిక్కాయ చెట్టు పెరికితే వేర్లు తేలినట్టు
చేతులమీద నరాలు.
తిన్న నెయ్యి నిలవడానికి చోటు లేక
నెత్తురులోనే తిరగతా ఉందంట.
వాళ్లు తీసిన నెత్తురు గొట్టంలో
పైన తెల్లగా తేరుకుని ఉంది.
మీగడ.
నాకు ఒకరు చెప్పాలా?

"కడుపుకి చాలు అని కబురంపేది కొవ్వే" అనింది
నర్సు ఎస్తేరు.
"కబురు చెప్పే మనిషి లేని ఇల్లమ్మా ఇది."
మూడు సంగటి ముద్దలు తిని
ఊరుబిండి గిన్నె నాకి
మళ్లీ ఉట్టికేసి చూసే బిడ్డని
నేను తిట్టిన తిట్లన్నీ
ఆ పూట నా గొంతులోకే తిరిగొచ్చినాయి.

ఇప్పుడా కబురు
చిన్న సీసాలో తెల్లటి పొడిగా వస్తాది,
తిరుపతి బస్సులో, ఐసుపెట్టెలో, డ్రైవరు సీటు వెనక.

"నీళ్లు సీసా గోడ వెంబడి జారనీ అక్కా.
మెల్లగా తిప్పు. కుదపొద్దు."
ఎనిమిదేళ్లప్పుడు కవ్వం పట్టిన చేతులివి.
కుదపొద్దంటే మణికట్టు చిన్నబుచ్చుకుంది.
"తేటగా ఉంటేనే సూదిలోకి.
పాల మాదిరి కనిపిస్తే పారబొయ్యి."
పాల మాదిరి ఉండేదాన్ని పారబొయ్యమని
నాకు చెప్పిన మనిషి
ఈ జన్మకి ఆమె ఒకతే.

తుపాను రాత్రి కరెంటు పోయింది.
సీసా కొంగులో చుట్టుకుని
వానలో కేంద్రానికి పరిగెత్తినా, జనరేటరుందని.
కూలర్లో ఐసు గోడకి ఆనించి పెట్టి
మహా తెలివి అనుకున్నా.
పొద్దున చూస్తే గడ్డ.
కరిగితే నీళ్లే కదా, ఎవరికి తెలుస్తాది?
అరచేతిలో ఒక చూడావు ఖరీదు.
ఎస్తేరుకి ఫోన్ చేస్తే ఒకే మాట:
"విరిగిన పాలు మళ్లీ కాస్తే అతుక్కుంటాయా?"
పారేసినా.
ఆ దినం ఎవరి పాలకీ శాతం సరిగ్గా చదవలేదు.

పందొమ్మిదో రోజు రాత్రి
కంచంలో పిడికెడు సంగటి మిగిలింది.
"చాల్మా" అనింది.
పదిహేనేళ్లలో ఆ నోట రాని మాట.
మెతుకు వదిలితే చీపురు తీసే నేను
ఆ పిడికెడునీ చూస్తా కూర్చున్నా,
చీమలు పట్టిందాకా.

ఆ సంతోషంలో
తిండి తగ్గితే ఇన్సులిన్ సంగతి అడగాలని
మరిచినా.
రాత్రి రెండుకి పక్కంతా చెమట, వణుకు.
నన్ను "టీచర్" అని పిలిచింది.
నమిలే తెలివుంది, అది నా అదృష్టం.
నల్లబెల్లం ముక్క బుగ్గన పెట్టి
మింగతా ఉందా అని గొంతు చూస్తా
ఆ పావుగంట ఎన్నేళ్లో.
తెల్లారినాక రాయవేలూరు డాక్టరే
ఇన్సులిన్ లెక్క తగ్గించినాడు.
బెల్లం ఇప్పుడు తలగడ కిందే ఉంటాది.

పాల లెక్కల పుస్తకం వెనకట్టమీద
భవాని గీసిన బొమ్మ: ఒక బొడ్డు, రెండు తొడలు,
చుట్టూ తేదీలు.
"నిన్న పొడిచిన చోట వద్దు మా,
ఈ పొద్దు ఎడమ తొడ వంతు."
వాడిన సూది డబ్బాలో టప్‌మని పడతాది,
మూత బిగిస్తాది తనే.

జడ వేస్తా వేస్తా
మెడ కింద, చెవుల వెనక తడుముతా.
గడ్డేదైనా చేతికి తగిలితే
ఆ దినమే రమ్మన్నారు.
బిడ్డ నేను ముద్దు చేస్తున్నాననుకుంటాది,
తల నా పొట్టకి ఆనిస్తాది.
అదీ నిజమే.

బయట నాదముని క్యాను వాయిస్తా ఉండాడు,
పాలు చెడిపోతాయంట.